సంఘములకు గ్రాంటులు: అర్జీకి ముందు జరుగవలసిన పని

రాయలసీమలో చెరువు త్రవ్వించినవారికి, పాడుపడినదానిని బాగుచేయించినవారికి పూర్వము దశబంధమను పేరిట మాన్యమిచ్చు ఆచారముండెను. అనంతపురము, కడప ప్రాంతములలో ఇట్టి మాన్యములు విస్తారముగ నుండెడివి. పేరునుబట్టియే పదవవంతు అను భావము తెలియుచున్నది. అయితే ఆ మాన్యము ఊరక వచ్చినది కాదు. చెరువును మరమ్మతులో నుంచినంత కాలమే అది అతనికి చెందును. కట్ట తెగినను పట్టించుకొనకున్నచో సర్కారు దానిని తిరిగి తీసికొనవచ్చును. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనములో, వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసినట్లు చెక్కబడియున్నది. రాజకుమారుడు సైతము తన దానమునకు లెక్క చూపెనని దీనివలన తెలియుచున్నది.

నేడు మాన్యమునకు మారుగా గ్రాంటు వచ్చినది. షరతు మాత్రము మారలేదు.

సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ పీఠభూమిలో గ్రామసంఘముల అవసరము ఇతర సీమలకంటె హెచ్చు. కుంటలోని పూడిక తీయుట, బీడుభూమిలో చెట్లు పెంచుట, పశువులకు తొట్లు కట్టుట, బడిపిల్లలకు త్రాగునీరు అమర్చుట వంటి పనులకు పంచాయతీ ఆదాయము చాలదు. అందువలన కరవు ముదిరిన యేట పది మంది పెద్దలు కూడి ఒక సంఘమును పెట్టుదురు, అర్జీ వ్రాసి ఊరూర తిరుగుదురు. ఏమియు రాదు. ఎందువలన రాదో పంచాయతీ సభ్యులు గ్రహించుట మిగుల అవసరము.

మొదట కంపెనీల ధనమును గూర్చి చెప్పెదము. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, వ్యాపారపు మొత్తము 1,000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని గల కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సంఘహిత కార్యములకు ఖర్చుచేయవలెనని ఆ చట్టము విధించినది. తాను పనిచేయు పరిసర ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెనని కూడ అందులో గలదు. తాడిపత్రి వైపున సిమెంటు కర్మాగారములు, పెనుకొండ యొద్ద కారుల కర్మాగారము, కొండలపై గాలిమరలు ఉన్న సీమలో ఈ మాట విన్నవారికి ఆశ కలుగుట సహజమే. కాని కంపెనీ తన ధనమును ఒక సంఘము ద్వారా ఖర్చుచేయవలెనన్నచో, ఆ సంఘము ఆదాయపు పన్ను శాఖ యొద్ద ధర్మసంస్థగా నమోదైయుండవలెను. కంపెనీయో ప్రభుత్వమో నెలకొల్పినది కానిచో అట్టి పనులలో మూడేండ్ల అనుభవము చూపవలెను. 2021 ఏప్రిల్ నుండి కేంద్ర ప్రభుత్వపు కంపెనీల శాఖ యొద్ద సి.ఎస్.ఆర్.-1 అను ఫారము దాఖలుచేసి సంఖ్యను పొందుట కూడ తప్పనిసరియైనది.

విదేశీ ధనము సంగతియు ఇట్టిదే. 1976లో మొదటి చట్టము, 2010లో దాని స్థానమున మరియొక చట్టము వచ్చెను. విదేశీ విరాళములను స్వీకరించుటకు నమోదు కోరు సంఘము సాధారణముగ మూడేండ్లు పనిచేసియుండవలెను. 2020 సవరణవలన మూడు మార్పులు కలిగినవి. విదేశములనుండి వచ్చు సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే జమపడవలెను. పరిపాలన ఖర్చు నూటికి ఇరువదికి మించరాదు. ఒక సంఘము తాను పొందిన విదేశీ ధనమును మరియొక సంఘమునకు ఈయరాదు. మన పల్లెలకు ఈ మూడవదియే ముఖ్యము. పట్నములోని పెద్ద సంస్థ మన గ్రామసంఘమునకు విదేశీ ధనమునుండి చెక్కు వ్రాసి యిచ్చునని ఎదురుచూచుట వృథా. ఆ సంస్థయే స్వయముగ మన గ్రామములో పని చేయవలెను. మనము శ్రమను, స్థలమును, తీర్మానమును సమకూర్చవలెను. ఈ భేదము తెలియక తిరిగి తిరిగి విసుగుచెందినవారిని మేమెరుగుదుము.

ఈ రెండిటినుండి తేలునదొక్కటే. కరవు వచ్చిన యేట పుట్టిన సంఘము ఆ కరవులో పనికిరాదు. వానలు బాగుగ పడి, ధాన్యము ఇల్లు చేరిన యేటనే సంఘము నమోదు కావలెను. మూడేండ్ల లెక్కలు చేతనున్నపుడు కదా అర్జీకి బలము కలుగుట!

నమోదు కష్టసాధ్యమైన పని కాదు. 2001 ఆంధ్రప్రదేశ్ సంఘముల నమోదు చట్టము ప్రకారము ఏడుగురు కూడినచో చాలును. ఉద్దేశపత్రము, నిబంధనావళి వ్రాసి జిల్లా రిజిస్ట్రారు కార్యాలయములో దాఖలుచేయవలెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా విభజింపబడినందున, పుట్టపర్తి కేంద్రముగాగల శ్రీ సత్యసాయి జిల్లా గ్రామములవారు తమ కార్యాలయమేదో ముందుగ తెలిసికొనుట మంచిది. పొదుపు, అప్పు, సరుకుల అమ్మకము ఉద్దేశములైనచో 1995 పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము అనుకూలము. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో ఆరంభమైన టింబక్టు సంస్థ స్త్రీల పొదుపు సంఘములను పెంపొందించినది ఈ సహకార మార్గముననే. నమోదైన పిమ్మట ప్రతి యేడు సర్వసభ్య సమావేశము జరిపి, కార్యవర్గపు జాబితాను రిజిస్ట్రారుకు పంపి, లెక్కలను ఆడిటు చేయించవలెను. చాల సంఘములు నమోదు పత్రమును చట్రము కట్టించి గోడకు తగిలించి, ఈ మూడింటిని మరచుచున్నవి. దాత చూచునది చట్రమును కాదు, మూడింటినే.

ఇక సొంత వాటాను గూర్చి. 1994లో హనుమంతరావు సంఘము చేసిన సిఫారసుల ననుసరించి నీటిపరీవాహక పథకములకు కేంద్ర ప్రభుత్వపు మార్గసూత్రములు 1995లో అమలులోనికి వచ్చినవి. రైతు సొంత పొలములో జరుగు పనికి ఖర్చులో నూటికి పది, షెడ్యూల్డు కులములు, తెగలు, బీదలైనచో అయిదు, ఉమ్మడి పనులకు అయిదు చొప్పున లబ్ధిదారులు వాటా ఈయవలెనని నాటి ఏర్పాటు. ఆ వాటాను డబ్బుగానే గాక శ్రమగాను ఈయవచ్చును. ఆ మొత్తము ప్రత్యేక నిధిగా నిలిచి, పథకము ముగిసిన తరువాత ఉమ్మడి నిర్మాణముల మరమ్మతుకు వినియోగపడవలెను. ఇది దశబంధమునకు మరియొక రూపమే. 2003లో హరియాలి మార్గసూత్రములు పంచాయతీలకే ఈ పనిని అప్పగించినవి. వాటా వసూలు కాకుండ, కూలిలో కోసి కాగితముపై చూపిన గ్రామములలో ఆ నిధి నామమాత్రమై, కట్టలు తెగిన నాడు ఒక పార మట్టి వేయుటకైనను సొమ్ము లేకపోయినది. 1999-2000లో ఏర్పడిన నాబార్డు పరీవాహక నిధి విషయమునను శ్రమదానమే పునాది. శ్రమదానము చేసి చూపిన గ్రామమునకు మాట చెల్లును.

ఈ సీమలో ధర్మధనమునకు అన్నిటికంటె పెద్ద నిదర్శనము రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. 1969లో అనంతపురమునకు వచ్చిన స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ దానిని స్థాపించి, 2009లో ఇచ్చటనే కన్నుమూసెను. బత్తలపల్లి ఆసుపత్రి, బడులు, ఇండ్లు, చెక్‌డ్యాములు పలువురెరిగినవే. ఆ ధనము ఏ ఒక్క కుబేరుని యొద్దనుండియు రాలేదు. స్పెయిన్‌లోని వేలాది సామాన్య కుటుంబములు నెలనెల పంపిన చిన్న మొత్తములే దానికి ఆధారము. తాము సహాయము చేయు బాలుడో బాలికయో వ్రాసిన ఉత్తరము ఆ కుటుంబములకు చేరుచుండును. ఉత్తరము చేరుచున్నంత కాలము దాత చేయి వెనుకకు తీయడు. మన గ్రామమునుండి బెంగుళూరుకో, గల్ఫు దేశములకో పోయి స్థిరపడినవారికి మన సంఘము ఎన్నడైన లెక్కతో కూడిన ఒక్క ఉత్తరము వ్రాసినదా?

మరియొక నిదర్శనమున డబ్బు పంపకమే లేదు. 2003 నుండి 2010 వరకు నెదర్లాండ్సు సహాయముతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, అనంతపురముతోసహా ఏడు జిల్లాలలో రైతుల భూగర్భజల నిర్వహణ పథకము సాగెను. రైతులే వానను కొలిచి, బోరుబావుల నీటిమట్టమును కొలిచి, ఉన్న నీటికి ఏ పంట తగునో లెక్కవేసికొనిరి. సబ్సిడీ లేదు, నేర్పినది కొలత మాత్రమే. ఇట్టి కొలతల పుస్తకము గల గ్రామపు అర్జీకిని, లేని గ్రామపు అర్జీకిని ఎంత భేదమో ఆలోచింపుడు.

అర్జీలు సామాన్యముగ ఎట్లుండును? “మా గ్రామము మిక్కిలి వెనుకబడినది, దయతో సహాయము చేయవలెను” అని యుండును. ఇది నిజమే కావచ్చును. కాని అదే వాక్యము నూరు గ్రామములనుండి పోవుచున్నది. ఊహకొక గ్రామమును తీసికొందము. అచ్చటి కుంటలో పూడిక తీయుటకు అంచనా 4,00,000 రూపాయలు. గ్రామస్థుల శ్రమ 40,000. పంచాయతీ తీర్మానించిన మొత్తము 60,000. కోరు గ్రాంటు 3,00,000. కుంట ఎవరి అధీనమందున్నదో, వారి అనుమతి ఏ తేదీన లభించినదో అర్జీలో ఉండవలెను. పూడికమట్టి ఎవరి పొలములకు పోవునో, అందులో కూలివారి చెలకలకు ఎంత దక్కునో ఉండవలెను. తరువాత ఏటేట మరమ్మతుకు 12,000 అగును. కుంట క్రింది 60 కుటుంబములు ఇంటికి 200 చొప్పున ఈయ నంగీకరించి సంతకములు చేసినట్లు జాబితా జతపరుపవలెను. ఇట్టి అర్జీ రెండు పుటలు మించదు. ఈ చివరి జాబితాయే అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె విలువైనది.

ఏలననగా కట్టుటకు సొమ్ము దొరకును గాని, నిలుపుటకు దొరకదు. 1995-96 ప్రాంతమున శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ఈ జిల్లాలో ఏడువందలకు పైబడిన గ్రామములకు త్రాగునీటి పథకమును నిర్మించి ప్రభుత్వమునకు అప్పగించినది. అంతటి దానము కూడ ప్రతి దినము విద్యుత్తును, మోటారు మరమ్మతును, కాపలాను కోరును. పల్లెలలో మేము చూచు దృశ్యము ఒకటి కలదు: దాత పేరు చెక్కిన పలక మెరయుచుండును, దాని ప్రక్కనే కొళాయి ఎండియుండును.

పంచాయతీ సభ్యులకు ఒక సంకటము. సంఘము పంచాయతీకి ప్రతిపక్షమని కొందరు తలతురు. మరికొందరు సర్పంచే సంఘాధ్యక్షుడైనచో పని సుళువని తలతురు. రెండును పొరపాటులే. సొమ్ము కోరు చేయి, దానిని తనిఖీచేయు చేయి ఒకటే యైనపుడు దాతకు నమ్మకము కలుగదు. పంచాయతీ స్థలమీయవచ్చును, తీర్మానమీయవచ్చును, సంఘపు పనిని గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్చవచ్చును. 2021-26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘపు గ్రాంటులలో నూటికి అరువది వంతులు త్రాగునీరు, వాననీటి నిల్వ, పారిశుద్ధ్యములకే కేటాయింపబడినవి. కనుక సంఘపు పనికి తోడుగ పంచాయతీ తన వాటాను ఆ పద్దులలో చూపుటకు మార్గముండెను. కార్యవర్గములో స్త్రీలును, షెడ్యూల్డు కులములవారును ఉన్నారా, లేక అర్జీ వ్రాయ నేర్చిన రెండిండ్లవారే యున్నారా యని అడుగుట కూడ పంచాయతీ ధర్మమే. నిజమునకు ఈ పీఠభూమిలో నీరు ముందుగ ఆగిపోవునది ఊరి చివరి వాడకే.

రాబోవు గ్రామసభలో ఈ ప్రశ్నను కార్యక్రమ పత్రములో చేర్చుడు: మన గ్రామములో నమోదైన సంఘములెన్ని, వాటిలో గత సంవత్సరము ఆడిటు చేయించినవెన్ని? ఆ సంఘముల కార్యదర్శులను లెక్కపుస్తకములతో రమ్మని కోరుడు. ఒక్కటియు లేనిచో, ఆ సభయందే ఏడుగురి పేర్లు వ్రాసికొని, దాఖలుకు తేదీని నిర్ణయింపుడు.