సుడులకు ఎన్ని పేర్లు!

ఏలూరులో కాలువ వంతెన మీద నిలబడి ఒకసారి కిందికి చూడండి. ప్రవాహంలో కొట్టుకు వచ్చిన గుర్రపుడెక్క మొక్క ఒకటి వంతెన స్తంభాన్ని దాటుతుంది. దాటి ముందుకు పోతుందనుకుంటే, గిర్రున తిరిగి స్తంభం వైపే వెనక్కి వస్తుంది. కాసేపు అక్కడక్కడే తిరిగి, ఆ తరువాత ఎప్పుడో విడిపించుకుని పోతుంది. నీరు పల్లానికే కదా పారాలి! మరి ఆ మొక్క ఏటికి ఎదురు ఎలా వచ్చింది?

మనవాళ్ళు దీన్ని సుడి అంటారు. ఇంగ్లీషు పాఠాల్లో మాత్రం ఎడ్డీ, వర్ల్‌పూల్, వర్టెక్స్, మేల్‌స్ట్రామ్, టర్బ్యులెన్స్ అంటూ అయిదారు మాటలు ఎదురవుతాయి. నిఘంటువు తెరిస్తే ఒకదానికి ఇంకొకటి అర్థంగా ఇచ్చి ఊరుకుంటుంది. పరీక్షలో పర్యాయపదాలు రాయడానికి అది చాలు. సైన్సుకు చాలదు.

గుర్రపుడెక్క చిక్కుకున్నది ఎడ్డీలో. స్తంభానికి అటూ ఇటూ నీరు వడిగా పోతుంది. స్తంభం చాటున నీరు మాత్రం మందంగా ఉంటుంది. పక్కనున్న వడినీరు ఈ చాటునీటిని ఒరుసుకుంటూ లాగుతుంది. ఆ ఖాళీని పూరించడానికి దిగువ నుంచి కొంత నీరు వెనక్కి మళ్ళుతుంది. అసలు ప్రవాహానికి ఎదురుగా మళ్ళి తిరిగే ఈ పాయే ఎడ్డీ. ఒక్కొక్కప్పుడు స్తంభానికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి చొప్పున వంతులవారీగా సుడులు పుట్టి, బారులు తీరి దిగువకు పోతాయి. 1911లో థియొడార్ ఫాన్ కార్మన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ బారులను గణితంతో వివరించాడు. గాలి వీచేటప్పుడు కరెంటు తీగలు ఈల వేయడం విన్నారు కదా? తీగ వెనుక గాలిలో పుట్టే ఇటువంటి సుడుల వరుసే అందుకు కారణం.

అయితే ఉప్పుటేరు సంగతి వేరు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఈ ఏటిలోకి పోటు సమయంలో ఉప్పునీరు ఎగదన్నుకు వస్తుంది. అక్కడా నీరు వెనక్కి వస్తున్నట్టే, కాని అది ఎడ్డీ కాదు. ఏదీ తిరగడం లేదు.

వర్టెక్స్ అన్నింటికన్నా విశాలమైన మాట. తిరుగుట అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. నీరు, గాలి, పొగ, ఏదైనా సరే, ఒక అక్షం చుట్టూ తిరుగుతుంటే అది వర్టెక్స్. నీటిలో నడిమి భాగం గుంటపడి లోపలికి లాగుతుంటే వర్ల్‌పూల్. మన సుడిగుండం సరిగ్గా ఇదే. గుండం అంటే గుంట. మాటలోనే బొమ్మ ఉంది. మేల్‌స్ట్రామ్ డచ్చి మాట, పిండి విసిరే ప్రవాహం అని అర్థం. తిరగలి గుర్తుకు వస్తోందా? నార్వే తీరాన, లోఫోటెన్ దీవుల దగ్గర ఆటుపోట్లకు పుట్టే పెద్ద సుడులకు ఆ పేరు. మన కాలువలోని సుడిని మేల్‌స్ట్రామ్ అంటే పిల్లికూనను పులి అన్నట్టే.

అలాగని కాలువ సుడులను చులకన చేయకండి. లాకుల దిగువన నీరు ఎత్తు నుంచి పడేచోట సుడి నిలువుగా, రోకలి దొర్లినట్టు దొర్లుతుంది. పైకి తేలిన మనిషిని మళ్ళీ పడే నీటి కిందికే తోస్తుంది. ఈత బాగా వచ్చినవారు కూడా అక్కడ మునిగిపోతారు. ఆ చోట దిగకూడదు.

ఇక అసలు చిక్కుమాట టర్బ్యులెన్స్. లాటిన్‌లో టర్బా అంటే గుంపు, గందరగోళం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సంక్షుబ్ధ ప్రవాహం అంటారు. దీనికి టర్బిడ్ అనే తోబుట్టువు ఉంది. బురదగా ఉన్నది అని అర్థం. విద్యార్థులు ఈ రెంటినీ తరచు తారుమారు చేస్తారు. లోతు తక్కువైన కొల్లేటి మీద గాలి బలంగా వీస్తే నీరు కల్లోలమై అడుగు బురద లేస్తుంది. అప్పుడు నీరు టర్బ్యులెంట్, టర్బిడ్ కూడా. గాలి ఆగాక కల్లోలం త్వరగానే అణగుతుంది. బురద మాత్రం చాలాసేపు తేరుకోదు. అప్పుడు నీరు టర్బిడ్ మాత్రమే.

1883లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ మాంచెస్టరులో గాజుగొట్టం గుండా నీటిని పోనిచ్చి, మధ్యలో రంగు ధారను వదిలాడు. వేగం తక్కువగా ఉన్నంతసేపు రంగు దారంలా తిన్నగా సాగింది. వేగం పెంచగా ఒకచోట అది మెలికలు తిరిగి నీళ్ళన్నిటా కలిసిపోయింది. ఈ రెండో రకం చలనానికి ఆయన వాడింది టర్బ్యులెంట్ అన్న మాట కాదు, పాములా మెలికలు తిరిగేది అనే అర్థమున్న సిన్యువస్. టర్బ్యులెన్స్ అన్న పేరు 1887లో కెల్విన్ వాడాడు.

ఇప్పుడొక లెక్క. కాలువ లోతు 1 మీటరు, వేగం సెకనుకు 0.5 మీటరు అనుకుందాం. రెంటినీ గుణిస్తే 0.5. నీటి స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే ఈ ప్రమాణాల్లోనే సుమారు 10 లక్షలలో ఒక వంతు వస్తుంది. 0.5ను దానితో భాగిస్తే 5 లక్షలు! ఇదే రేనాల్డ్స్ సంఖ్య. గొట్టాల్లో ఇది సుమారు 2000 దాటితేనే తిన్నని ప్రవాహం చెదరడం మొదలవుతుంది. అంటే తాడేపల్లిగూడెం మీదుగా నిండుగా, ప్రశాంతంగా పోతున్నట్టు కనిపించే కాలువ కూడా సైన్సు భాషలో టర్బ్యులెంటే. ఇంగ్లీషు కవి ఒప్పుకోడు, ఇంజనీరు ఒప్పుకుంటాడు.

గాలి సుడులకు వస్తే, సైక్లోన్ అన్న మాట మన తీరానికి దగ్గరగానే పుట్టింది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించాడు. కాకినాడ దగ్గరి కోరింగను ముంచిన 1789 నాటి ఉప్పెన కూడా అందులో ఉంది. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో, పాముచుట్టను తలపించే గ్రీకు మాట నుంచి ఆ పేరు కల్పించాడు. ఉత్తరార్ధగోళంలో ఈ చుట్ట గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది.

ఇక్కడ పర్యాయపదాల ఆట కుదరదు. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. 118 నుంచి అతి తీవ్ర తుఫాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫానులో సముద్రం సుమారు 5 మీటర్లు లేచి పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. రేడియోలో వాయుగుండం అన్నారా, తుఫాను అన్నారా అన్నది చెవులు రిక్కించి వినవలసిన తేడా.

మీరూ ఒక ప్రయోగం చేయండి. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, అగరువత్తి వెలిగించండి. పొగ మొదట దారంలా నిటారుగా లేచి, కొంత ఎత్తుకు పోయాక చెదురుతుంది. ఆ ఎత్తును స్కేలుతో కొలవండి. పక్కన పెన్సిలు అడ్డం పెట్టి మళ్ళీ కొలవండి. దారం విరిగినచోట కనిపించే ఒక్కొక్క చుట్టకు పైమాటల్లో ఏది సరిపోతుందో, పైనంతా కలిసిపోయిన పొగకు ఏది సరిపోతుందో నోటుపుస్తకంలో రాసుకోండి.