రాజీనామా రాసే ముందు ఏ డిప్రెషనో తేల్చుకోండి

టార్గెట్లు, అప్రైజల్, ఈఎంఐ ఎవరికీ తప్పవు. వాటి మధ్యే పని చేయాలి. చిక్కేమిటంటే, ఆ ఒత్తిడి చాటున డిప్రెషన్ ఉన్నా మనం పోల్చుకోం. పోల్చుకున్నా అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం. వైద్యం మాత్రం రకాన్ని బట్టి మారుతుంది.

నాలుగు రోజులు ఊరెళితే తేలికపడి, సోమవారం లాగిన్ అవగానే మళ్లీ బరువెక్కుతోందా? అది చాలావరకు బర్నవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల్లో కాకుండా పనికి సంబంధించిన స్థితుల్లో చేర్చింది. సెలవులోనూ తిండి సయించక, ఇష్టమైన సినిమా పెట్టినా మనసు పోక, ఇలా రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతి రోజూ, రెండు వారాలు దాటితే మేజర్ డిప్రెషన్ అని అనుమానించాలి. సీటులో అదెలా ఉంటుందంటే, రెండు లైన్ల మెయిల్ నాలుగుసార్లు చదువుతారు, జవాబు డ్రాఫ్ట్‌లోనే ఉండిపోతుంది. చిన్న తప్పుకు కూడా ‘నేను దేనికీ పనికిరాను’ అనిపిస్తుంది. బయటివాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది.

రెండేళ్లు, అంతకుమించి సన్నగా సాగేది ఇంకొకటి. డాక్టర్లు డిస్థైమియా అంటారు. మనిషి రోజూ వస్తాడు, పని ముగిస్తాడు, ప్రమోషన్ మాత్రం అడగడు. ‘ఆయన స్వభావమే అంత’ అని టీమ్ తేల్చేస్తుంది. ఆయనా అదే నమ్ముతాడు కాబట్టి డాక్టర్ దాకా వెళ్లడు.

అన్నిటికన్నా ప్రమాదం, జోరు, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్‌ను మామూలు డిప్రెషన్ అనుకోవడం. ఒక సేల్స్ టీమ్ లీడ్ అనుకోండి. మార్చిలో రాత్రికి మూడు గంటలే నిద్ర, అయినా అలసట లేదు. తెల్లవారుజామున మెయిళ్లు, రోజుకో కొత్త ప్లాన్, కార్డు మీద అడ్డూఅదుపూ లేని ఖర్చు. ఆఫీసు ఆయనకు అవార్డిస్తుంది. జూన్‌లో మంచం దిగలేడు. డాక్టర్‌కి జూన్ సంగతే చెబుతాడు, మార్చి సంగతి జబ్బని ఆయనకు తోచదు కదా! బైపోలార్‌లో డిప్రెషన్ మందు ఒక్కటే వాడితే కొందరిలో ఆ ఉధృతి మళ్లీ లేస్తుంది. అందుకే మీ జోరు రోజులు కూడా చెప్పండి. వీలైతే ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి, వాళ్లకే బాగా గుర్తుంటుంది.

కాన్పయ్యాక మొదటి రెండు వారాల్లో వచ్చే ఏడుపు, చికాకు సాధారణంగా వాటంతటవే పోతాయి. ఆ తర్వాతా ఉంటే బాలింత నీరసమని సరిపెట్టుకోకండి, అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. 26 వారాల మెటర్నిటీ లీవు ముగిసి డ్యూటీలో చేరాక ‘టచ్ పోయింది’ అని కుంగిపోతున్నవారిలోనూ ఇది ఉండొచ్చు. థైరాయిడ్, బి12 లోపం కూడా డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి, రక్తపరీక్ష చేయించండి.

డిప్రెషన్ మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పదో రోజున ‘లాభం లేదు’ అని మానేస్తారు కొందరు, కాస్త కుదుటపడగానే మానేస్తారు మరికొందరు. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ను చెప్పనివ్వండి.

ఆఫీసులో జబ్బు పేరు చెప్పి తీరాలని లేదు. మేనేజర్‌ను కావలసింది అడగండి: నైట్ షిఫ్ట్ మార్పు, రెండు వారాల సెలవు, ఒక ప్రాజెక్టు తగ్గింపు. హెచ్‌ఆర్ ఎంత ఆప్యాయంగా మాట్లాడినా అది కంపెనీ విభాగమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు వైద్యం చేసేవాళ్లు గోప్యంగా ఉంచాలి, ఇన్సూరెన్స్ కూడా శరీర జబ్బులతో సమానంగా ఇవ్వాలి. పాలసీ కాగితం ముందే చదవండి. కుంగి ఉన్నప్పుడు రాజీనామా పెడితే జీతంతో పాటు కంపెనీ ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రకం తేలేదాకా ఆగొద్దు. ఇంట్లో ఒకరికి చెప్పి అప్పుడే ఆస్పత్రికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.