వసంతంలో చిన్నారులకు కథాకాలక్షేపం

చైత్ర వైశాఖ మాసాలు వసంత ఋతువు. ఋతువులలో తాను వసంతాన్నని శ్రీకృష్ణ భగవానుడు విభూతియోగంలో అర్జునునికి సెలవిచ్చాడు. ఉగాది, శ్రీరామనవమి, నృసింహ జయంతి ఈ రెండు నెలల్లోనే వస్తాయి. పిల్లలకు బడి సెలవులూ ఈ కాలంలోనే ఆరంభమవుతాయి. కనుక ఆలయ గ్రంథాలయాలలో మూడేళ్ళు మొదలు ఏడేళ్ళ వరకు గల పిల్లలకు కథలు చెప్పడానికి ఇది తగిన సమయం. దానిని నిర్వహించే విధానాన్ని ఇక్కడ వివరిస్తాను.

కథలెందుకు, శ్లోకాలు వల్లె వేయిస్తే చాలదా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. నేను గురువుగారి వద్ద సంత చెప్పుకొని చదివినవాడిని. వల్లె వేయడంలోని బలం నాకు తెలియనిది కాదు. అయితే ధారణకు ముందు ఆసక్తి కలగాలి. అమరశక్తి మహారాజు కుమారులు ముగ్గురికీ చదువు అబ్బనప్పుడు విష్ణుశర్మ వారిచేత శాస్త్రాలు వల్లింపజేయలేదు. కథలు చెప్పి ఆరు నెలలలో నీతికోవిదులను చేశాడని పంచతంత్రం చెబుతున్నది. అందులోని మిత్రలాభ మిత్రభేదాలనే పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా తెలుగువారికి అందించారు.

ఒక కూటమికి అరగంట చాలు. వారానికొకటి చొప్పున మూడు వారాలకు మూడు కథలను సూచిస్తున్నాను.

మొదటిది కోకిల కథ. సంస్కృతంలో కోకిలకు పరభృతమని పేరు. ఇతరులచేత పోషింపబడినదని దాని అర్థం. కోకిల గూడు కట్టదు, కాకి గూటిలో గుడ్డు పెడుతుంది. కాకి ఆ పిల్లను కూడా తన పిల్లలాగే మేపుతుంది. అందుచేత కాకికి పరభృత్తు, అనగా ఇతరులను పోషించేది, అని పేరు వచ్చింది. మనం వినే కుహూరవం మగకోకిలది. పిల్లలచేత ఆ కూత కూయించండి. కోకిల మంచిదా, చెడ్డదా అని తీర్పు చెప్పవద్దు. "మీకు ఈరోజు అన్నం ఎవరు పెట్టారు?" అని మాత్రం అడగండి. అమ్మమ్మ, పిన్ని, పొరుగింటి అత్త అంటూ వారే చెబుతారు. కథ అక్కడ వారిదవుతుంది.

రెండవది ఉగాది పచ్చడి. వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి ముక్కలు, ఉప్పు, మిరియాలు విడివిడిగా దొన్నెలలో ఉంచి ఒక్కొక్కదాని కథ చెప్పాలి. పిల్లలు ముట్టుకొని, వాసన చూసి, ఇష్టమైతేనే రుచి చూడాలి, బలవంతం కూడదు. చేదును తీపి అని నమ్మించవద్దు. చేదు చేదే, బెల్లం పక్కన ఉన్నది కనుక తినగలుగుతున్నామని చెప్పాలి.

మూడవది పంపాసరోవరం. కిష్కింధాకాండ వసంత వర్ణనతోనే మొదలవుతుంది. చెట్లన్నీ పూచి ఉన్న వేళ శ్రీరామచంద్రుడు సీతమ్మను తలచుకొని శోకిస్తాడు, లక్ష్మణుడు ఓదారుస్తాడు. పసివారికి ఈ దుఃఖమెందుకని దీనిని విడిచిపెట్టే కథకులున్నారు. విడువరాదని నా అభిప్రాయం. తాతగారిని పోగొట్టుకొన్న బిడ్డ, తండ్రి దూరదేశంలో ఉన్న బిడ్డ ఆ గుంపులో కూర్చొని ఉండవచ్చు. రాముడంతటివాడు ఏడ్చాడని వింటే, ఏడవడం తప్పు కాదని ఆ బిడ్డకు తెలుస్తుంది. కాని కథను శోకంలో ఆపకూడదు. హనుమంతుడు వచ్చి పలకరించడం, రామసుగ్రీవుల మైత్రి వరకు చెప్పి ముగించాలి. వాలివధ ఆ వయసుకు అక్కరలేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎంతో, పిల్లల కథలో దుఃఖం అంతే.

కథ చెప్పేవారు పిల్లలతో సమానంగా చాపపై కూర్చోవాలి. ఈ వ్యాసంలోని భాష అక్కడ పనికిరాదు, ఇంట్లో మాట్లాడుకొనే తెలుగులోనే చెప్పాలి. తల్లిదండ్రులు వెనుక కూర్చోవచ్చు. చివర పరీక్షవలె ప్రశ్నలు వేయవద్దు. మిరియాలు తగ్గించిన పానకం ఇచ్చి, ఆనాటి కథ ఉన్న బొమ్మల పుస్తకం వారి చేతికి అందించాలి. అటువంటి పుస్తకాలు పిల్లల చేతికందే కింది అరలో ఉండాలి.

దాతలకు ఒక విన్నపం. మీరిచ్చిన బీరువాలపై మీ పేర్లున్నాయి, వాటికి తాళాలూ ఉన్నాయి. విప్పని పుస్తకాన్ని చెదలు చదువుతాయి. ఈ వసంతంలో మరొక బీరువాకు బదులు వారానికి ఒక గంట కాలాన్ని, మీ కంఠస్వరాన్ని దానమివ్వండి. మీ ఊరి ఆలయ గ్రంథాలయానికి వెళ్ళి, ముందుగా ఆ తాళం తీయించండి.