సిగ్నల్ చూశాకే నోరు తెరువు

రైల్వే కాలనీ,
బిలాస్‌పూర్.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

అసిస్టెంట్ లోకో పైలట్‌గా నీకు ఆర్డరు వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికని శ్రీకాకుళం నుంచి ఈ ఊరొచ్చిన మన కుటుంబంలో ఇప్పుడు నువ్వు ఇంజనెక్కుతున్నావు. ఏ-1 మెడికల్‌లో చూపు 6/6 అన్నారట, సైకో టెస్టు కూడా గట్టెక్కావట. చాలా సంతోషం నాయనా. ఈ కంటి పరీక్షలకి ఓ కథ ఉంది. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాక, హోల్మ్‌గ్రెన్ అనే ఆచార్యుడు రైల్వే వాళ్లకి రంగు ఉన్నిపోగులు చూపించి పరీక్షలు చేశాడు. రైల్వేల్లో రంగు పరీక్షలకి ఊపు వచ్చింది అప్పుడే. అయితే తెల్లవారుజామున మూడింటికి నీ మనసు నీ కళ్ల మాట వింటుందో లేదో ఏ పరీక్షా తేల్చలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

కంటికి అందేది వెలుతురు. అది ఏ రంగు, ఏ లైనుది, మనకా పక్కబండికా అని తేల్చేది మెదడు. నిన్నా మొన్నా ఏం కనిపించిందో దాన్నిబట్టి అది ముందే ఒక అంచనా కట్టుకుని కూర్చుంటుంది. నెలల తరబడి పచ్చ దొరికిన చోట ఎరుపున్న రోజు కూడా పచ్చే ఉందని నమ్మేస్తుంది. దానికి తోడు పక్క లైనుకి పచ్చ పడిందంటే, దాన్నే తనదనుకుంటుంది. చూపు ఎంత బాగున్నవాడికైనా ఇది తప్పదు.

2025 నవంబర్ 4న గేవ్రా రోడ్ నుంచి మన బిలాస్‌పూర్ వస్తున్న మెము ప్యాసింజరు రైలు, గతోరా స్టేషన్ దాటాక, ఆగి ఉన్న గూడ్స్‌ని వెనకనుంచి ఢీకొంది. కనీసం 11 మంది పోయారు. బండి ఎర్ర సిగ్నల్ దాటిందని ప్రాథమిక విచారణలో చెప్పారు. పోయినవాళ్లలో ఆ లోకో పైలట్ కూడా ఉన్నాడు. ఆ క్షణంలో ఆయన కంటికి ఏం కనిపించిందో మనం చెప్పలేం, ఆయన్ని తప్పుపట్టే హక్కు కూడా నాకు లేదు. నీకు చెప్పేదొక్కటే. లైను తెలుసుకోడానికి రోడ్ లెర్నింగ్‌కి వెళ్లినప్పుడు కబుర్లలో పడకు. ఏ మలుపులో మన సిగ్నల్ ఎటువైపు వస్తుందో, ఏ చెట్టు దాన్ని కాసేపు మరుగు చేస్తుందో రాసి పెట్టుకో.

సిగ్నల్ కనిపించగానే పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలని జనరల్ రూల్స్‌లో ఉంది. పైలట్ "డబుల్ ఎల్లో" అనగానే తలెత్తకుండా నువ్వూ "డబుల్ ఎల్లో" అన్నావంటే, క్యాబ్‌లో ఒక్కడి కళ్లే పనిచేస్తున్నట్టు. ముందు చూడు, చెయ్యి చాపి చూపించు, ఆ తర్వాతే పలుకు. జపాన్ రైల్వే పరిశోధకులు 1994లో చేసిన ప్రయోగంలో, వేలితో చూపించి పైకి చెప్పేసరికి తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి. ఇంకో మాట. పైలట్ "గ్రీన్" అన్నాక నీ కంటికీ అదే గ్రీన్‌గా కనిపించడం మొదలవుతుంది. మనిషి మనసు అంతే. అందుకని ఆయన నోరు తెరవకముందే నీ చూపు అక్కడుండాలి. తేడా కనిపిస్తే "సార్, నాకు ఎల్లో కనిపిస్తోంది" అను. మొహమాటపడకు.

కట్నీ లైనులో భన్వర్‌టోంక్ సొరంగం ఉంది. మే నెల ఎండలోంచి అందులోకి దూరితే కాసేపు ఏమీ ఆనదు. వెలుతురుకి కన్ను ఇట్టే సర్దుకుంటుంది గానీ, చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. కాబట్టి నైట్ డ్యూటీకి సైన్ ఆన్ చేశాక లాబీలో ఫోన్ తెర చూస్తూ కూర్చోకు.

నిద్ర సంగతి మాత్రం బతిమాలి చెబుతున్నాను. నిద్ర చాలకపోతే కళ్లు తెరిచి ఉండగానే మెదడు కొన్ని సెకన్లు మూతపడుతుంది, ఆ సంగతి నీకే తెలియదు. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. బుధవారీ బజార్ తిరుగుళ్లు రెస్టు రోజుకి పెట్టుకో, నైట్ డ్యూటీ ఉన్న రోజు పగలు పడుకో.

సిగ్నల్ సరిగ్గా కనిపించకపోతే ఎరుపుకిందే లెక్కగట్టి బండి ఆపించు. ఎందుకు ఆపావని ఎవరైనా గద్దిస్తే పడు, ఆలస్యం రాస్తే రాయనీ. బండి నిండా జనం ఉంటారు, మరిచిపోకు.

ఇట్లు,
మావయ్య