నాలుగు డిస్కులు, ఒక చిన్న స్క్రిప్ట్

మన క్లబ్ గదిలో బీరువా పక్కన దుమ్ము పట్టిన డెస్క్‌టాప్ ఒకటుంది కదా, అది పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. పాడవలేదు. అందులో నాలుగు హార్డ్ డిస్కులున్నాయి, ఒక్కోటీ 2 టీబీ. సీనియర్లు ఊళ్లు తిరిగి రికార్డు చేసిన తప్పెటగుళ్లు, జముకుల కథలు, పాత కాలేజీ మ్యాగజైన్ల స్కాన్లు అన్నీ అక్కడే. బొబ్బిలి దగ్గర ఊళ్లో మనవాళ్లకి జముకుల కథ చెప్పిన తాత ఒకాయన కిందటేడు పోయారు. ఆయన గొంతు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. అంటే, నేను ఈ వ్యాసంలో చెప్పబోయే సంగతి జరిగే నాటికి లేదు.

సెకండియర్‌లో ఆ పెట్టె చూసుకునే పని నాకు పడింది. "ఏం లేదు రా, అది రెయిడ్. ఒక డిస్కు పోయినా ఏం కాదు" అని చెప్పి అన్నయ్య ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి వెళ్లిపోయాడు. ఆ మాట నిజమే, కానీ సగమే.

ముందు రెయిడ్ అంటే ఏంటో చూద్దాం. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పేపర్ రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి ఒకటిగా వాడుకోవచ్చు అన్నది దాని సారాంశం. కానీ డిస్కులు ఎన్ని ఎక్కువైతే వాటిలో ఏదో ఒకటి పోయే అవకాశం అంత ఎక్కువ. అందుకే కొంచెం అదనపు సమాచారం కూడా దాచాలి. మనది రెయిడ్ 5. నాలుగు డిస్కుల్లో మూడింటంత చోటు మనకి, అంటే 6 టీబీ. మిగతా ఒక డిస్కంత చోటు ప్యారిటీకి పోతుంది.

ప్యారిటీ అర్థం కావడానికి క్యాంటీన్ లెక్క చాలు. ముగ్గురు టిఫిన్‌కి డబ్బులేశారు, మొత్తం ఎంతో నాలుగోవాడు రాసుకున్నాడు. ఒకడు తన వంతు ఎంతో మర్చిపోతే, మొత్తంలోంచి మిగతా ఇద్దరిదీ తీసేస్తే వచ్చేస్తుంది. ఇద్దరు మర్చిపోతే మాత్రం ఇంక రాదు. కంప్యూటర్ కూడిక బదులు ఎక్సార్ చేస్తుంది: ఒకట్లు బేసిగా ఉంటే 1, సరిగా ఉంటే 0. డిస్కుల్లో 1, 0, 1 ఉంటే ప్యారిటీ 0. మధ్యది పోయిందనుకోండి, మిగిలిన 1, 1, 0 కలిపి చూస్తే ఒకట్లు రెండు, సరి సంఖ్య, కాబట్టి పోయింది 0. (నిజానికి ప్యారిటీ ఒకే డిస్కులో ఉండదు, నాలుగింటిలో వంతులవారీగా తిరుగుతుంది.)

ఇక కమాండ్‌లు. నోటితో చెప్పుకునేట్టే రాస్తున్నా. లైనక్స్‌లో ఈ పని చేసేది ఎండీఆడమ్. పెట్టె పరిస్థితి తెలియాలంటే "క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ ఎండీస్టాట్" కొట్టండి. చివర్లో నాలుగు యూలు కనబడితే అన్నీ బాగున్నట్టు. యూ ఉండాల్సిన చోట అండర్‌స్కోర్ ఉందంటే ఆ డిస్కు పోయినట్టు.

రోజూ ఎవరు కొడతారు? అందుకే స్క్రిప్ట్ రాశా. "ఎండీఆడమ్ డీటెయిల్ టెస్ట్" అంటే అది ఒక ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది: బాగుంటే 0, డిస్కు ఫెయిలైతే 1, పనికిరానంతగా పోతే 2, సమాచారమే దొరక్కపోతే 4. కోడ్ 1 గానీ 2 గానీ వస్తే నాకు మెయిల్ చెయ్యమన్నా. క్రాన్‌లో రోజూ పొద్దున్న ఆరింటికి పెట్టా. టెర్మినల్‌లో రన్ చేసి చూశా, పని చేసింది. సంతోషంగా మర్చిపోయా.

దసరా సెలవుల తర్వాత ఏదో ఫైలు కోసం లాగిన్ అయి, ఊరికే ఎండీస్టాట్ చూశా. యూ, యూ, అండర్‌స్కోర్, యూ. లాగ్‌లో వెతికితే డిస్కు పోయి 19 రోజులైంది. మెయిల్ ఒక్కటీ రాలేదు. ఆ 19 రోజుల్లో ఇంకో డిస్కు పోయి ఉంటే తాతగారి గొంతు కూడా పోయేది.

తప్పెక్కడంటే, క్రాన్‌కి మన టెర్మినల్‌కి ఉన్నంత పాత్ ఉండదు. ఎండీఆడమ్ ఉండేది ఎస్‌బిన్‌లో, క్రాన్ వెతికింది బిన్‌లో. "కమాండ్ నాట్ ఫౌండ్" అని రోజూ చెప్తూనే ఉంది పాపం, ఎవరూ తెరవని రూట్ మెయిల్‌బాక్స్‌లో. దానికొచ్చే కోడ్ 127. నేను చూస్తున్నది 1, 2 కోసం.

కాబట్టి కొత్త స్క్రిప్ట్‌లో మార్పులివి. కమాండ్‌కి పూర్తి పాత్ ఇచ్చా. కమాండ్ అవగానే కోడ్‌ని వేరియబుల్‌లో దాచేశా, ఎందుకంటే మధ్యలో ఒక్క ఎకో కొట్టినా పాత కోడ్ చెరిగిపోతుంది. సున్నా కానిది ఏదొచ్చినా ప్రమాదమే అని రాశా. అన్నిటికంటే ముఖ్యమైనది, బాగున్నా బాగోకపోయినా రోజూ మెయిల్ వస్తుంది. రాకపోతే వెళ్లి చూడాలి. ఎండీఆడమ్‌కి సొంత మానిటర్ మోడ్ ఉందని, అడ్రస్ ఇస్తే అదే మెయిల్ చేస్తుందని తర్వాత తెలిసింది. అదీ ఆన్ చేశా, నాదీ ఉంచా.

డిస్కు మార్చేటప్పుడు ఇంకో భయం. పోయింది ఎస్‌డీసీ అని స్క్రీన్ చెప్తుంది. పెట్టె తెరిస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి! పైగా రీబూట్ అయితే ఆ అక్షరాలు మారిపోవచ్చు. ఈ స్థితిలో బాగున్న డిస్కు తీసేసి, మిగతా రెండింటితో నడిపిద్దామంటే అది నడవదు. "స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఐ" కొడితే సీరియల్ నంబర్ వస్తుంది, డిస్కు లేబుల్ మీదా అదే ఉంటుంది. రెండూ మూడుసార్లు సరిచూసుకున్నా. రిమూవ్ చేసి, మెషిన్ ఆఫ్ చేసి, కొత్తది బిగించి, యాడ్ కొట్టేసరికి రాత్రి ఎనిమిది. సెకనుకి 100 ఎంబీ చొప్పున రాసినా 2 టీబీకి అయిదున్నర గంటలు. వాచ్‌మన్ మావయ్య వచ్చి "ఏటి బాబూ, ఇంకా ఎల్లలేదా?" అన్నారు. డిస్కు నిండుతోంది మావయ్యా అంటే, "నీళ్ల ట్యాంకా?" అని నవ్వి టీ తెచ్చారు. అర్ధరాత్రి కరెంటు పోతుందేమోనని నాకు మాత్రం నవ్వు రాలేదు.

కరెంటు అంటే గుర్తొచ్చింది. మనది తుపానుల దారి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. గదిలోకి నీళ్లొస్తే నాలుగు డిస్కులూ ఒకేసారి మునుగుతాయి, ప్యారిటీ ఏం చేస్తుంది? ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ ఆ డిలీట్‌ని కూడా నమ్మకంగా అమలు చేస్తుంది. అన్నయ్య మాటలో మిగతా సగం ఇది: రెయిడ్ బ్యాకప్ కాదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం కథలు సేకరించి ఊరుకోలేదు, స్కాన్ చేసి నెట్‌లో కూడా పెట్టింది. నేను తెలుగు కథలు చదవడం మొదలుపెట్టింది అక్కడే, ఇంగ్లీషు మీడియం వాడిని కాబట్టి పేజీకి పది నిమిషాలు పట్టేది.

ఇప్పుడు మన రికార్డింగుల కాపీ ఒకటి పార్వతీపురంలో మా ఫ్రెండ్ వాళ్లింట్లో ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది. నెలకోసారి ఇంటికెళ్లినప్పుడు తను ఆ డిస్కు తెస్తుంది, ఆర్‌సింక్ చేసి పంపిస్తాం. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ పెట్టేవాళ్లు ముందు డ్రై రన్ చెయ్యండి. ఎక్కడినుంచి, ఎక్కడికి అన్నది తారుమారైతే ఖాళీ డిస్కుని చూసి నిండు డిస్కుని ఖాళీ చేసేస్తుంది.

మిగతా మూడు డిస్కులూ పోయిందాంతో కలిపి ఒకేసారి కొన్నవే. అందుకే ఒక స్పేర్ డిస్కు కొనమని క్లబ్‌ని అడిగా, ఇంకా జవాబు రాలేదు. సీరియల్ నంబర్ల చివరి నాలుగంకెలు పెట్టె తలుపు లోపల స్టిక్కర్ మీద రాసి ఉన్నాయి. వచ్చే ఏడు దీన్ని చూసుకునేవాళ్లు ఎవరైనా సరే, ముందు మీ మెయిల్ అడ్రస్ నాకు ఇవ్వండి, స్క్రిప్ట్‌లో చేరుస్తా.