పండుటాకు

శ్రీకాకుళము పట్టణమున నాగావళీ తీరమునకు చేరువలో ఒక పెంకుటిల్లు కలదు. ఆ ఇంటి పెరటిలో ఒక బాదముచెట్టు, ఒక పనస, ఒక మామిడి, గోడ ప్రక్కన ఒక వేప, నూతిగట్టు చుట్టును కొన్ని క్రోటను మొక్కలు ఉన్నవి. ఇంటి యజమాని చాలకాలము పొరుగు రాష్ట్రములలో ఉద్యోగము చేసి, ఒక కార్తికమాసమున తల్లితోను, భార్యతోను, ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారునితోను వచ్చి ఆ ఇంట కాపురము పెట్టెను.

సంక్రాంతి వెళ్ళిన వారము దినములకు బాదముచెట్టు రంగు మారసాగెను. పెద్దపెద్ద ఆకులు మొదట అంచులయందు పసుపువన్నె తాల్చి, పిదప నారింజపండువలె మారి, తుదకు కుంకుమవలె ఎఱ్ఱబారెను. దినమునకు రెండేసి గంపల ఆకు రాలుచుండెను. యజమాని అది చూచి భయపడెను. “ఈ చెట్టునకు ఏదో తెగులు తగిలినది. ఇది ఎండి ఇంటిమీద కూలకముందే కొట్టించివేయుట మేలు” అని పలికెను. “తెగులైనను కాకున్నను, ఈ ఆకు ఊడ్చి ఊడ్చి నా నడుము పడిపోవుచున్నది” అని ఆయన భార్య అనెను. మరునాడే గొడ్డలితో మనిషి వచ్చి నిలిచెను.

అప్పుడు వృద్ధురాలగు తల్లి వాకిటికి వచ్చి, “నాయనా! కొట్టిన చెట్టును మరల నిలువబెట్టలేము. శివరాత్రి వెళ్ళువరకు ఓర్చుకొనుము. అప్పటికిని చిగురు వేయనిచో నీ ఇష్టము వచ్చినట్లు చేయుము” అని చెప్పెను. తల్లిమాట కాదనలేక ఆయన సమ్మతించెను. చెట్టును కనిపెట్టి చూచుచుండు పని మనుమని పాలబడెను.

ఆ బాలుడు మరునాడు రెండు ఆకులను బడికి కొనిపోయెను. ఒకటి తానై రాలిన ఎఱ్ఱని ఆకు. రెండవది తాను బలవంతముగా త్రెంచిన పచ్చని ఆకు. “మాష్టారూ! మా చెట్టు చచ్చిపోవుచున్నదా?” అని అతడు సైన్సు ఉపాధ్యాయుని అడిగెను. ఉపాధ్యాయుడు ఆ రెండు తొడిమలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుమనెను. పచ్చని ఆకు తొడిమ చివర పీచులుగా చీలి తడిగా ఉండెను. ఎఱ్ఱని ఆకు తొడిమ చివర నున్నగా, పొడిగా, కత్తితో కోసినట్లుండెను. “దీనిని గాలి త్రెంపలేదు, పురుగు కొరుకలేదు. చెట్టే దీనిని విడిచినది. చచ్చిన చెట్టు ఈ పని చేయలేదు” అని ఆయన చెప్పెను. తరువాత ఆయన వివరించిన సంగతులు మనమందరమును తెలిసికొనదగినవి.

ఆకు చెట్టునకు వంటయిల్లు. అచ్చట సూర్యరశ్మి సాయమున నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి చెట్టు తన ఆహారమును వండుకొనును. ఈ వంటకు ముఖ్యమైనది ఆకులోని పచ్చని పదార్థము. దానిని పత్రహరితమందురు. 1817లో పెల్తియే, కావాంతూ అను ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీనిని ఆకునుండి వేరుచేసి, క్లోరోఫిల్ అని పేరు పెట్టిరి. ఆకులో పసుపువన్నెనిచ్చు కెరొటినాయిడులను పదార్థములు కూడ ఉండును. కాని పత్రహరితము మెండుగా ఉన్నంతకాలము ఆ పసుపు మన కంటికి కనబడదు.

మన ప్రాంతమున జ్యేష్ఠమాసము మొదలు కార్తికమాసము వరకు వానలు కురియును. తరువాత నెలల తరబడి నేల తడి తగ్గుచుండును. వెడల్పైన ఆకులనుండి నీరు ఆవిరియై పోవుచుండును. వేళ్ళకు అందు నీరు తక్కువయి, ఆకులు వెచ్చించు నీరు ఎక్కువయినచో చెట్టు నిలువజాలదు. కావున కొన్ని చెట్లు ముదిరిన ఆకులను వదలుకొనును. అయితే అవి వాటిని ఉన్నవి ఉన్నట్లు పారవేయవు. అద్దెయిల్లు విడుచు గృహస్థుడు గిన్నెలు, గింజలు, పెట్టెలు అన్నియు తరలించి, కడపట తలుపు మూసి బయలుదేరును గదా! చెట్టును అట్లే చేయును. పత్రహరితమును విడగొట్టి, ఆకులోని నత్రజనిలో సుమారు సగమును, భాస్వరములో కొంతభాగమును కొమ్మలలోనికి లాగికొనును. పచ్చదనము తొలగగా అంతవరకు మాటున ఉన్న పసుపు బయలుపడును. తొడిమ మొదట పలుచని కణముల పొర యొకటి ఏర్పడి, ఆకునకును కొమ్మకును గల బంధమును మెల్లగా సడలించును. ఆ పిదప చిరుగాలి చాలును, ఆకు రాలిపోవును. అది విడిచిన మచ్చపై రక్షగా ఒక పొర ఏర్పడును. ఆ మచ్చకు పైననే చిన్న మొగ్గ యొకటి తన వంతుకై వేచియుండును.

బాదమాకులోని ఎఱుపు మాత్రము ముందునుండి దాగియున్నది కాదు. అది ఆకు ముదిరి రాలనున్న వేళ క్రొత్తగా తయారగును. ఆ పదార్థమునకు ఆంథోసయనిన్ అని పేరు. 1835లో మార్క్వార్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరుంచెను. ఆకునుండి సారమును లాగికొను దినములలో తీక్ష్ణమైన ఎండ దానిని పాడుచేయకుండ ఈ ఎఱుపు గొడుగువలె కాపాడునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఈ వన్నెలను వేరుపరచి చూచుట కష్టము కాదు. మిఖాయిల్ త్స్వెత్ అను రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు సుద్దపొడి నింపిన గాజుగొట్టము గుండ ఆకుల రసమును పోనిచ్చి, పచ్చని పట్టెలను, పసుపు పట్టెలను విడివిడిగా చూపెను. ఈ పద్ధతిని ఆయన 1906లో ప్రకటించెను. మీరును బడిలో పచ్చని ఆకులను నూరి, స్పిరిటులో నానబెట్టి, ఆ రసములో అద్దుడుకాగితపు ముక్క చివర తగులునట్లు వ్రేలాడదీయుడు. కొంతసేపటికి కాగితముపై ఆకుపచ్చ, పసుపు చారలు వేరువేరుగా కనబడును. స్పిరిటు సులభముగా అంటుకొనును గనుక ఉపాధ్యాయుని ఎదుటనే, నిప్పునకు దూరముగా ఈ ప్రయోగము చేయవలెను.

చలిదేశములలో ఈ వర్ణశోభ శరత్కాలమున కనబడును. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు అక్టోబరు మాసమున మేపుల్ చెట్లు ఎఱ్ఱగా, పచ్చగా వెలుగుట చూచి ఆనందింతురు. అదే మాసమున, విజయదశమి వెళ్ళిన మంగళవారమునాడు, విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ఆనాడు మన చెట్లన్నియు వానకు తడిసి నిండు పచ్చగా ఉండును. ఈ భేదమునకు కారణమేమి? న్యూయార్కు నగరమున మిక్కిలి పొడవైన పగటికిని, మిక్కిలి పొట్టి పగటికిని సుమారు 6 గంటల తేడా కలదు. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమునగల శ్రీకాకుళమున ఆ తేడా రమారమి 2 గంటలే. అచ్చటి చెట్లు పగలు తగ్గుటను, చలి పెరుగుటను గుర్తెరిగి ఆకు రాల్చును. మన చెట్లలో పెక్కింటికి నేలతడి తగ్గుట ముఖ్యమైన గురుతు. కావుననే మన పెద్దలు ఆకురాలు కాలముగా శరత్తును చెప్పక, మాఘఫాల్గుణములతో కూడిన శిశిరమును చెప్పిరి.

పెరటిలోని రంగులన్నియు ఒకే కారణమున కలుగునవి కావు. బొబ్బిలి వీణకు కర్రనిచ్చు పనస ఏడాది పొడుగున పచ్చగానే ఉండును. ముదిరిన ఆకులను మాత్రము నారింజవన్నెతో కొన్ని కొన్నిగా రాల్చుచుండును. వేప శిశిరమున పసుపుపచ్చని ఆకులు రాల్చి, ఉగాది పచ్చడికి పూవు అందించు వేళకు ఎఱ్ఱని చిగురు తొడుగును. మామిడి, రావి చిగురులు కూడ రాగివన్నెతో మెరయును. మామిడి చిగురు ఎఱుపు చూచి చెట్టు ముసలిదైనదని అనుకొనరాదు. ఆంథోసయనినే అచ్చట లేతయాకును ఎండనుండి కాపాడుచుండును. బాదమున కడపటి దినములలో కనబడు గొడుగు, మామిడికి బాల్యముననే లభించినదన్నమాట.

క్రోటను మొక్కల పసుపు, ఎఱుపు చారలు వాటికి స్వభావసిద్ధములు. అవి నీడలో పెరిగినచో ఆ రంగులు తగ్గి పచ్చదనము హెచ్చును. కాగితపు పూలచెట్టున మనము రేకులని తలచునవి నిజముగా రంగు మారిన ఆకులే. వాటి నడుమనున్న సన్నని తెల్లని గొట్టములే పూవులు. మెక్సికో దేశమునుండి వచ్చిన పాయిన్సెట్టియా మొక్క రాత్రులు పొడవైన కాలమున కొనలయందలి ఆకులను ఎఱ్ఱగా మార్చును. డిసెంబరు మాసమున మన పెరళ్ళలో దానిని చూడవచ్చును.

రోగపు రంగు వేరు. ఆకు ఈనెలు పచ్చగా ఉండి, నడుమ భాగము మాత్రము పసుపు బారినచో నేలలో ఇనుము, మెగ్నీసియము వంటి పోషకములు కొరవడినవేమో పరీక్షింపవలెను. వానకాలముననే లేతయాకులు పచ్చబారినను, మచ్చలు వ్యాపించినను శ్రద్ధ వహింపవలెను.

తుపాను వేయు రంగు మరియొకటి. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మన జిల్లాలను కూడ ఊపివేసెను. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానములో కొబ్బరి, జీడితోటలను నేలగూల్చెను. అట్టి తుపానుల పిదప విరిగిన కొమ్మలను చూచినవారికి ఒక సంగతి తెలియును. వాటి ఆకులు గోధుమవన్నెతో ముడుచుకొని చాలకాలము కొమ్మనే అంటిపెట్టుకొని వ్రేలాడును. ఎందుచేతననగా, విరిగిన కొమ్మకు ఆకును సాగనంపు శక్తి లేదు. బంధమును సడలించు పొరను కట్టుటకు ప్రాణము కావలెను. ఆకు రాల్చుట బ్రతికిన చెట్టు చేయు పని.

బాలుడు ఇంటికి వచ్చి ఈ మాటలు మామ్మకు చెప్పెను. ఆమె నవ్వి, “ఇందుకే గదా మనవారు ఆకు చచ్చినదనక ఆకు పండినదందురు! పండినదేదైనను తొడిమ విడువక తప్పదు” అనెను. నాటినుండి బాలుడు ప్రతిదినము ఒక కొమ్మను పరిశీలించెను. ఆకులు రాలిన మచ్చలపైన మొగ్గలు ఉబ్బుట గమనించెను. మాఘము ముగియవచ్చుసరికి చెట్టు మోడువలె నిలిచెను. తండ్రి నోట మాట లేకున్నను ఉదయమున ఒకసారి తలయెత్తి చూచుచునే ఉండెను.

శివరాత్రి జాగరణము చేసి మరునాటి ప్రాతఃకాలమున పెరటిలోనికి వచ్చిన మామ్మ మనుమని కేకవేసెను. బాదముకొమ్మల కొనలయందు లేతపచ్చని చిగురులు గుత్తులుగా విచ్చుకొనుచుండెను. తండ్రి చాలసేపు చెట్టుక్రింద నిలిచి, “అమ్మా! నీవు ఆపకున్నచో ఎంత పొరపాటు జరిగియుండెడిది!” అనెను.

ఇక మిగిలినది ఊడ్చిన ఆకు సంగతి. మొదట కొన్ని దినములు కోడలు దానిని కుప్పవేసి కాల్చుచుండెను. ఆ పొగ ఇరుగుపొరుగు పిల్లలకు దగ్గు తెప్పించెను. ఆకు కాలినచో చెట్టు దానిలో మిగిల్చిపోయిన నత్రజని చాలవరకు పొగతోనే పోవును. అందుచేత తండ్రీకొడుకులు పెరటిమూల ఒక గొయ్యి త్రవ్విరి. బాదమాకు దళసరి గనుక దానిని చింపి పరచి, దానిపై పేడనీళ్ళు చల్లి, కొంచెము మన్ను కప్పి, పొరలు పొరలుగా నింపిరి. అప్పుడప్పుడు తడుపుచుండిరి. కొంత ఎండుటాకును మామిడిపాదిలో పరచిరి. వేసవిలో ఆ పాదియందు తడి త్వరగా ఆరలేదు. వానలు వెలిసి కార్తికము వచ్చునప్పటికి గోతిలోని ఆకు నల్లని ఎరువుగా మారెను. మన ప్రాంతమువారు గెత్తమను ఆ ఎరువును కోడలు తన స్వహస్తములతో వంగమొక్కల మొదళ్ళలో వేసెను.

మరుసటి సంవత్సరము సంక్రాంతి వెళ్ళినంతనే ఆ పెరటిలో మరల తొలి ఎఱ్ఱని ఆకు రాలెను. బాలుడు దానిని తీసి, తొడిమ చివరను వ్రేలితో తడవి చూచెను. అది నున్నగా, పొడిగా ఉండెను. అతడు తలయెత్తి ఆ ఆకు విడిచిన చోటును వెదకెను. అచ్చట మచ్చకు పైగా ఆవగింజంత మొగ్గ యొకటి కనబడెను.