సీటు కింది లైఫ్ జాకెట్

గల్ఫ్ విమానాల్లో క్యాబిన్ సిబ్బందిగా పనిచేసి రిటైరయ్యాను. హైదరాబాద్ నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లాలంటే అరేబియా సముద్రం దాటాలి. ఆ దారిన పోయే మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. విమానం లోపల ఉండగా జాకెట్‌లో గాలి నింపకండి. తల మీదుగా వేసుకోండి, నడుం పట్టీ బిగించండి, తలుపు దగ్గరికొచ్చాకే ఎర్ర పట్టీలు లాగండి. 1996 నవంబర్ 23న హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల ఒడ్డున సముద్రంలో పడింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. నీళ్లమీద వాలకముందే జాకెట్లలో గాలి నింపుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది. లోపలికి నీళ్లు రాగానే ఆ జాకెట్లే వాళ్లను పైకప్పుకు ఎత్తేశాయి. తలుపు నీళ్లకింద ఉంటే మునిగి ఈదాలి కదా, గాలి నిండిన జాకెట్ మునగనివ్వదు. ఈ సంగతి తెలిశాక డెమో ఇచ్చేటప్పుడు ఆ ఒక్క మాట దగ్గర గొంతు పెంచేదాన్ని.

2. పట్టీ లాగినా గాలి నిండకపోతే భుజం దగ్గర గొట్టం ఉంటుంది, నోటితో ఊదండి. జాకెట్‌కున్న దీపం నీళ్లు తగిలితే దానంతటదే వెలుగుతుంది. ఈల కూడా ఉంటుంది. చంటిపిల్లల జాకెట్ సిబ్బంది దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి.

3. బెల్టు పెట్టుకోవడమే కాదు, విప్పడం కూడా చేతికి అలవాటు కావాలి. మొదటిసారి విమానమెక్కిన నిజామాబాద్ తమ్ముడొకడు, "అక్కా, గిది ఎట్ల ఇప్పాలె?" అంటూ కారు బెల్టులా బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు. పైరేకు ఎత్తాలని చూపించి, నాలుగుసార్లు వాడిచేతే తీయించాను. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

4. 2009 జనవరి 15న న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన విమానంలో 155 మందీ బతికారు, చాలామంది జాకెట్లు లేకుండానే రెక్కలెక్కి నిలబడ్డారు. అక్కడ పడవలు నిమిషాల్లో వచ్చాయి. నడిసముద్రంలో ఎంతసేపు ఆగాలో ఎవరికి తెలుసు? బ్యాగు వదిలేయండి, జాకెట్ తీసుకోండి.

5. భద్రతా ప్రకటన చాలాసార్లు తెలుగులో ఉండదు. ఇది నాకు ఇప్పటికీ బాధే. ముందు సీటు జేబులోని బొమ్మల కార్డు తీసి చూడండి. పక్కసీట్లో ఇంగ్లీషు, హిందీ రాని పెద్దమ్మ కూర్చుంటే మన భాషలో చెప్పండి. తలుపు ఎన్ని వరసల అవతల ఉందో ఆవిడతో కలిసి లెక్కపెట్టండి, వెనకవైపుది కూడా.